దేశ్‌ముఖ్ కాకముందే దుర్గాబాయి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: దుర్గాబాయి దేశ్‌ముఖ్ బాల వితంతువు, పెద్దగా చదువుకోలేదు. నెహ్రూను గేటు దగ్గర ఆపి వెనక్కి పంపించేసి పేరు తెచ్చుకుంది. ఆడవాళ్ల కోటాలో రాజ్యాంగ సభకు వెళ్లింది. ఆర్థిక మంత్రిని పెళ్లి చేసుకున్నాక పదవులు క్యూ కట్టాయి.

పొగడ్తలా మొదలై "అంతా మొగుడి చలవే" అనే దగ్గర ఆగుతుంది. కింద దండాలు పెట్టే ఎమోజీలు.

చివరి మాటతోనే మొదలుపెడతాను, అసలు విషం అక్కడే ఉంది కాబట్టి. అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్లి 1953 జనవరిలో జరిగింది. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్లు. రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు తెరిచి చూడండి, అందులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనే పేరే కనిపించదు. 'శ్రీమతి జి. దుర్గాబాయి' అని ఉంటుంది. మనం ఇప్పుడు రెండో పెళ్లి తర్వాత వచ్చిన పేరుతో పిలుస్తున్నాం కాబట్టి, ఆమె జీవితమంతా ఆ పెళ్లి తర్వాతే జరిగినట్టు కనిపిస్తోంది. మెసేజ్ రాసినాయన పడ్డది ఈ పొరపాటులోనే.

పెళ్లికి ముందు ఏముందో చూద్దాం. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో ఆయన మాట్లాడాలని పట్టుబట్టింది. నిర్వాహకులు ఐదువేల రూపాయలు తెస్తే చూద్దామన్నారు, ఆ ఆడవాళ్లే ఆ డబ్బు పోగుచేశారు. గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. 1933 లోపల మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. ఆరోగ్యం దెబ్బతిని బయటికొచ్చింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. అప్పటికి దేశ్‌ముఖ్ ఎవరో ఆమెకు తెలియదు. ఆయన అప్పుడు ఐసీఎస్ అధికారి, రిజర్వు బ్యాంకు గవర్నరు కావడానికి కూడా ఇంకా ఆరేళ్లుంది.

"అయినా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953 ఆగస్టులో పెట్టారు కదా, పెళ్లైన ఏడెనిమిది నెలలకే" అని ఎవరైనా అనొచ్చు. నిజమే. దాని తొలి అధ్యక్షురాలు ఆమే, అప్పుడు ఆర్థిక మంత్రి ఆయనే. కానీ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చి స్త్రీల కోసం, పిల్లల కోసం పని చేయించే బోర్డుకి, పదహారేళ్లుగా అలాంటి సంస్థనే నడుపుతున్న మనిషిని కాక ఎవరిని పెడతారు? 1956లో బొంబాయి నగరం ఏ రాష్ట్రానికి చెందాలన్న విషయంలో ప్రభుత్వంతో విభేదించి దేశ్‌ముఖ్ మంత్రి పదవి వదిలేశారు, యూనివర్సిటీల గ్రాంట్లు చూసే యూజీసీకి వెళ్లారు. స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి ఆమెను అధ్యక్షురాలిగా వేసింది 1958లో. మొగుడి మంత్రి పదవి పోయిన రెండేళ్లకి.

ఇక కోటా. రాజ్యాంగ సభలో స్త్రీలకు కోటా అన్నదే లేదు. రాష్ట్రాల శాసనసభ్యులు ఓట్లేసి పంపారు, ఈమె మద్రాసు నుంచి వెళ్లింది. మొత్తం సభలో ఆడవాళ్లు పదిహేను మంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఈమె. ఊరికే కూర్చోలేదు కూడా. రాజ్యసభ సభ్యుడికి కనీసం ముప్పై అయిదేళ్లుండాలని 1949లో ప్రతిపాదన వస్తే, ముప్పై చాలని సవరణ పెట్టి ఒప్పించింది. ఇప్పుడు ముప్పై ఏళ్లవాళ్లు రాజ్యసభకు వెళ్లగలుగుతున్నది ఆ సవరణ వల్లే. భాష మీద చర్చలో ఆమె మాట్లాడింది చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. చిన్నప్పుడే ఇంట్లో హిందీ పాఠశాల నడిపిన మనిషి, హిందీ అభిమానుల అతి వల్లే దక్షిణాదిలో వ్యతిరేకత పెరుగుతోందని వాళ్ల ముందే అనేసింది. హిందీని కోరుకుంటూనే ఆ మాట అనడం అప్పుడైనా ఇప్పుడైనా తేలిక కాదు.

"చదువుకోలేదు" అన్నది చదివి నాకు నవ్వొచ్చింది. జైలు నుంచి వచ్చాక ప్రైవేటుగా మెట్రిక్ కట్టింది. ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదువుతానంటే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. పేపర్లో ప్రకటన ఇచ్చి, తనలా చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని కూడగట్టి హాస్టల్ ఏర్పాటయ్యేలా చేసింది. తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం. 1942లో లా డిగ్రీ పుచ్చుకుని మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టింది. కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులుండాలని 1953లో చైనా వెళ్లొచ్చాక ఆమె పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ లాయరు బుర్రే. ఆ చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకి.

బాల వితంతువు కూడా కాదు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు, నిజం. ఊహ తెలిశాక ఈ కాపురం నాకొద్దని తనే చెప్పి తప్పుకుంది, నాన్న, తమ్ముడు అండగా నిలిచారు. అతను ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. అతను పోయాక ఆ భార్యకు ఆసరా ఇచ్చి పని నేర్పించింది కూడా దుర్గాబాయే. వితంతువు అంటే జాలి కథ అవుతుంది. మొగుణ్ని వద్దనుకుంది అంటే ఇబ్బంది. బహుశా అందుకే మార్చి రాస్తున్నారు.

నెహ్రూ కథ సగం నిజం. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉంది, టికెట్ లేదని ఆపింది. వెనక్కి పంపలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చారు, లోపలికి వదిలింది. ఆయన కోప్పడలేదు సరికదా మెచ్చుకున్నారు.

ఆమెను నిజంగా విమర్శించాలనుకునేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది, ప్రణాళికా సంఘంలోకి నామినేషన్ మీద వెళ్లింది. జనం నేరుగా ఓట్లేసి గెలిపించిన పదవి ఆమెకు ఒక్కటీ లేదు. ఇంత పొడుగు మెసేజ్‌లో ఆ ముక్క మాత్రం ఎక్కడా లేదు.