సీసాన్ని తిట్టే ముందు కేసు నెక్ కొలవండి

"అన్నా, పోత బుల్లెట్లు కాలుస్తుంటే బ్యారెల్ నిండా సీసం అంటుకుంటోంది, ఏం చేయమంటావు?" అని, సీసం కరిగించి అచ్చులో పోసిన బుల్లెట్లు వాడేవాళ్ళు ఎవరైనా అడగడమే ఆలస్యం, జవాబులు వచ్చి పడతాయి. మిశ్రమం ఇంకా గట్టిగా చెయ్యి. లూబ్ (బుల్లెట్‌కి రాసే మైనం లాంటి గ్రీజు) మార్చు. పౌడర్ కోటింగ్‌కి వెళ్ళిపో. ఇవేవీ కుదరకపోతే సీసం మానేసి రాగి జాకెట్ బుల్లెట్లు కొనుక్కో. ఆ బుల్లెట్ కేసులోకి, అంటే తూటా ఇత్తడి గొట్టంలోకి, దిగాక ఎంత సైజులో ఉందో చూశావా అని మాత్రం ఒక్కరూ అడగరు. నా కోపమంతా ఇక్కడే.

ఇది అమెరికాలో ఉంటూ రీలోడింగ్ (కాల్చేసిన కేసుల్లో మళ్ళీ మందు, బుల్లెట్ పెట్టి తూటా తయారు చేయడం) చేసుకునే మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి, హంటింగ్ లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. ఆ సంగతి తేల్చుకోకుండా రేంజ్‌కి కూడా వెళ్ళొద్దు. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేని తయారీ నేరమే.

ఇక అసలు విషయం. మనం కొనే డై సెట్లు (కేసుని సైజ్ చేసి, బుల్లెట్‌ని దించే పనిముట్లు) దాదాపు అన్నీ జాకెట్ బుల్లెట్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. .30 క్యాలిబర్ రైఫిల్‌నే తీసుకోండి. జాకెట్ బుల్లెట్ 0.308 అంగుళాలు. కేసుని ఇరుకు చేసే సైజింగ్ డైలో, నెక్‌ని లోపలి నుంచి తిరిగి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బాల్ 0.306, 0.307 దగ్గర ఉంటుంది. కేసు నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే పై భాగం) బుల్లెట్ కంటే ఒకటి రెండు థౌ తక్కువగా ఉండి బుల్లెట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, లేత్ మీద పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.) రాగి జాకెట్ గట్టిది కాబట్టి ఆ బిగుతుని తట్టుకుంటుంది, నెక్ తనే కాస్త సాగి చోటిస్తుంది.

పోత బుల్లెట్ సంగతి వేరు. దాన్ని బ్యారెల్ గ్రూవ్ (లోపలి మెలిక గాడుల అడుగు దగ్గరి వెడల్పు) కంటే ఒకటి రెండు థౌ ఎక్కువ ఉంచాలి, అంటే 0.309 లేదా 0.310. లోతు తక్కువ గాడులుండే మార్లిన్ మైక్రోగ్రూవ్ బ్యారెల్ అయితే ఇంకా ఎక్కువ కూడా అడుగుతుంది. ఇప్పుడు 0.310 బుల్లెట్‌ని జాకెట్ కోసం చేసిన నెక్‌లోకి తోస్తున్నాం. తేడా మూడు నాలుగు థౌ. ఇరుకు గాజు వేయించుకుంటే గీరుకుపోయేది చెయ్యే గానీ గాజు కాదు కదా, ఇక్కడా అంతే. ఇత్తడి అంతగా కదలదు, సీసం నలుగుతుంది. స్వచ్ఛమైన సీసం బ్రినెల్ కాఠిన్యం (లోహం ఎంత గట్టిదో చెప్పే కొలత) 5 దగ్గర ఉంటుంది. తొంభై పాళ్ళు సీసం, ఐదు తగరం, ఐదు ఆంటిమొనీ కలిపిన లైమన్ నంబర్ 2 మిశ్రమం అయినా 15 దాకానే. చాలాసార్లు కాల్చి గట్టిపడిన ఇత్తడి ముందు అది నిలబడదు.

అలా నలిగిన బుల్లెట్ 0.307కో 0.308కో దిగిపోయి కేసులో కూర్చుంటుంది. బయటికి ఏమీ తెలియదు. తూటా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాల్చినప్పుడు బుల్లెట్‌కీ బ్యారెల్ గోడకీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ ముందుకి దూసుకుపోతుంది, దారిలో సీసాన్ని కోసుకుంటూ పోయి బ్యారెల్‌కి పూస్తుంది. మీరు వేల డాలర్ల తుపాకీ కొని, ఖరీదైన అచ్చు కొని, వారాంతమంతా కొలిమి దగ్గర కూర్చుని, సైజర్‌లో ఒక్కొక్క బుల్లెట్‌నీ థౌ లెక్కన సరిచేశారు. అదంతా ఆఖరి మెట్టు మీద, బుల్లెట్‌ని కేసులోకి దించే సీటింగ్ డైలో ఒక్క హ్యాండిల్ దింపుతో పోయింది. తర్వాత నింద ఎవరి మీద? మిశ్రమం మీద, లూబ్ మీద.

మొన్నామధ్య ఒక తమ్ముడు 9 ఎంఎం తూటాలు పట్టుకొచ్చాడు. టార్గెట్ మీద కొన్ని కన్నాలు గుండ్రంగా కాకుండా, బుల్లెట్ అడ్డంగా తగిలినట్టు పొడుగ్గా పడ్డాయి. అంతకుముందే ఒక ఆన్‌లైన్ గుంపులో అడిగితే లైనోటైప్ లోహం (ఒకప్పుడు అచ్చు అక్షరాలు పోసిన గట్టి సీసపు మిశ్రమం) కొనిపించారట, మిశ్రమం గట్టిపడాలని. కాల్చని తూటాలు ఒక డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూస్తే కేసు మూతి చుట్టూ వెంట్రుకంత సన్నగా సీసం చుట్టుకుని ఉంది, గోటితో లాగితే ఉంగరంలా ఊడొచ్చింది. సుత్తిలా కొట్టి బుల్లెట్‌ని బయటికి తీసే కైనెటిక్ పుల్లర్‌లో బిగించి కొట్టాం. బుల్లెట్ బయటికి వచ్చింది. ముక్కు దగ్గరి డ్రైవింగ్ బ్యాండ్ (బ్యారెల్‌ని పట్టుకునే పట్టీ) 0.357 ఉంది, అంటే తను సైజ్ చేసినంతే. అడుగు దగ్గర మైక్రోమీటర్ పెడితే 0.354. అడుగు అంచు ఒక పక్క నలిగి వాలింది కూడా. బుల్లెట్‌ని నడిపించేది దాని అడుగు. ఆ అంచు వంకరైతే ఏ మిశ్రమమూ నేరుగా వెళ్ళదు.

9 ఎంఎంలో ఈ బాధ ఎక్కువ. ఆ కేసు నిటారు గొట్టం కాదు, వాలుగా ఉంటుంది. పైగా లోపలికి వెళ్ళేకొద్దీ గోడ మందమవుతుంది. పొడుగాటి పోత బుల్లెట్ అడుగు సరిగ్గా ఆ మందపు చోటికి దిగుతుంది. డై డబ్బాతో వచ్చిన, కేసులోకి దించి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ ప్లగ్ 0.355 జాకెట్ బుల్లెట్ కోసం చేసింది, అంత లోతుకి పోదు, పోయినా అంత వెడల్పు చేయదు. అందుకే పోత బుల్లెట్లు కాల్చేవాళ్ళలో చాలామంది 9 ఎంఎం కేసుకి .38 ఎస్ అండ్ డబ్ల్యూ కోసం చేసిన ప్లగ్ వాడతారు. ఆ పాత రివాల్వర్ తూటా బుల్లెట్ 0.361, కాబట్టి దాని ప్లగ్ మనకి కావలసినంత వెడల్పు ఇస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మూతిని గరాటులా విప్పడం వేరు, నెక్‌ని వెడల్పు చేయడం వేరు. డై సెట్టుతో వచ్చే ఫ్లేరింగ్ డై మూతిని మాత్రమే విప్పుతుంది. బుల్లెట్ లోపలికి దిగడం మొదలవుతుంది, పైన సీసం చెక్కుకుపోదు, మనం సంతోషిస్తాం. ఆ కింద నెక్ అంతా ఇరుకుగానే ఉంది. దాన్ని సరిచేయడానికి ఇంకా విప్పు, ఇంకా విప్పు అంటూ మూతిని గంటలా చేస్తే కేసు నాలుగైదు వాడకాల్లో మూతి దగ్గర చీలుతుంది, నెక్ ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది.

లైమన్ వాళ్ళ ఎం డై ఈ రెండు పనుల్నీ ఒకే ప్లగ్‌తో చేస్తుంది. ప్లగ్‌కి రెండు అంచెలుంటాయి. మొదటిది పొడుగ్గా, బుల్లెట్ కంటే కాస్త తక్కువ సైజులో ఉండి నెక్‌ని వెడల్పు చేస్తుంది, పట్టు కూడా అదే మిగులుస్తుంది. దాని పైన చాలా పొట్టి అంచె, బుల్లెట్ కంటే ఒక పిసరు ఎక్కువ. అది మూతి దగ్గర చిన్న మెట్టు చేస్తుంది. ఆ మెట్టులో బుల్లెట్‌ని వేలితో నిలబెడితే నిటారుగా నిలబడుతుంది. గరాటు మూతిలో అది ఎటు వాలితే అటే దిగుతుంది. గ్యాస్ చెక్ (అడుగున తొడిగే రాగి కప్పు) ఉన్న రైఫిల్ బుల్లెట్లకి ఇది ఇంకా అవసరం, లేకపోతే ఆ రాగి కప్పు అంచు కేసు మూతికి తగిలి వంకరవుతుంది. ఎన్‌ఓఈ అనే కంపెనీ వాళ్ళు రకరకాల సైజుల్లో ప్లగ్‌లు విడిగా అమ్ముతారు, లీ యూనివర్సల్ ఎక్స్‌పాండింగ్ డైలో పెట్టుకోవచ్చు. నన్నడిగితే కొత్త అచ్చు కొనే ముందు ఈ ప్లగ్ కొనాలి.

రైఫిల్ వాళ్ళకి ఇంకో లాభం ఉంది. మామూలు ఎక్స్‌పాండర్ బాల్ కేసు లోంచి పైకి వస్తూ నెక్‌ని లాగుతుంది. లోపల పొడిగా ఉంటే కీచుమని వినిపిస్తుంది కూడా. ఆ లాగుడుకి నెక్ సాగుతుంది, ఒక్కోసారి పక్కకి వంగుతుంది. ఎం డై ప్లగ్ పై నుంచి లోపలికి నొక్కుతుంది, కాబట్టి ఆ సాగుడు ఉండదు. దేంతో చేసినా నెక్ లోపల కొంచెం గ్రాఫైట్ పొడి రాయండి.

ప్లగ్ సైజు చూసి నెక్ సైజు అంతే అనుకోవద్దు. ఇత్తడి కొంత వెనక్కి ముడుచుకుంటుంది. చాలాసార్లు కాల్చి, సైజ్ చేసి గట్టిపడిన కేసు ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది. ఒకే ప్లగ్ కొత్త కేసులో ఒకలా, పాత కేసులో ఇంకోలా పనిచేయడానికి కారణం ఇదే. రైఫిల్ కేసుల నెక్‌ని అప్పుడప్పుడు అనీల్ చేస్తే, అంటే వేడి చేసి మెత్తబరిస్తే, ఈ తేడా తగ్గుతుంది. కేసుల పొడవు కూడా ఒక్కలా ఉండాలి. పొడుగు కేసు మూతి ఎక్కువ విప్పుకుంటుంది, పొట్టిది అసలు విప్పుకోదు.

"మరీ వెడల్పు చేస్తే బుల్లెట్ వదులైపోదా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, ఇక్కడ ప్రాణం మీది సంగతి ఉంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్లో తూటా ర్యాంప్‌కి (బ్యారెల్‌లోకి ఎక్కించే వాలుకి) తగిలినప్పుడు బుల్లెట్ లోపలికి జారితే కేసులో ఖాళీ తగ్గి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది, 9 ఎంఎం లాంటి చిన్న కేసులో మరీనూ. అందుకే ఒకటి రెండు థౌ బిగుతు ఉండాల్సిందే. పొడవు కొలిచి, తూటాని బల్ల అంచుకి ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్ళీ కొలవండి. కదిలిందంటే ఆ ప్లగ్ మీకు ఎక్కువ. పట్టు నెక్ నుంచే రావాలి. క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) గట్టిగా వేసి పట్టు తెచ్చుకోవాలనుకోవడం పోత బుల్లెట్ విషయంలో చెడ్డ అలవాటు. ఆటో పిస్టల్‌లో టేపర్ క్రింప్ పని, విప్పిన మూతిని తిరిగి నిటారు చేయడం వరకే. కార్బైడ్ రింగు ఉండే క్రింప్ డైలు కొన్ని తూటా మొత్తాన్నీ ఇంకోసారి సైజ్ చేస్తాయి, లోపలి సీసాన్ని కేసు మీద నుంచే నలిపేస్తాయి. నెక్‌ని అంత శ్రద్ధగా వెడల్పు చేసి, ఆఖర్న ఆ డైలో పెడితే మొదటికొస్తుంది.

పౌడర్ కోటింగ్ చేస్తే ఈ గొడవ ఉండదనేవాళ్ళకి ఒక మాట. కోటింగ్ వల్ల బుల్లెట్ ఇంకో థౌ, రెండు థౌ లావవుతుంది, ఇరుకు ఇంకా పెరుగుతుంది. కేసు మూతి అంచు పదునుగా ఉంటే కోటింగ్ కూడా గీరుకుపోతుంది.

డై సెట్లు తయారు చేసేవాళ్ళకి ఒక్కటే కోరిక. పోత బుల్లెట్లకి కూడా పనికొస్తుందని డబ్బా మీద రాస్తున్నారు, మంచిదే. లోపల ఉన్న ప్లగ్ సైజు ఎంతో అదే డబ్బా మీద అచ్చు వేయండి. కొనేవాడికి ఆ ఒక్క అంకె చాలు. ఇప్పుడైతే ఇంటికి తెచ్చి, విప్పి, మైక్రోమీటర్ పెడితే గానీ తెలియదు.

సీసం అంటుకుంటోందని అడిగే తమ్ముళ్ళూ, ఇకనుంచి నన్ను మిశ్రమం గురించి అడిగే ముందు మూడు కొలతలు పంపండి: సైజర్ నుంచి వచ్చిన బుల్లెట్ ఎంత, మీ ప్లగ్ ఎంత, మందు, ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) లేని ఖాళీ కేసులో సీట్ చేసి, క్రింప్ చేసి, మళ్ళీ బయటికి లాగిన బుల్లెట్ అడుగు దగ్గర ఎంత. మొదటిదీ మూడోదీ ఒకటే అయితే అప్పుడు లూబ్ గురించీ లోహం గురించీ కూర్చుని మాట్లాడుకుందాం. కాల్చేవాళ్ళు, పోసేవాళ్ళు, చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చోకండి, కొలిమి దగ్గర గాలి ఆడేలా చూసుకోండి.