గోంగూర మటన్‌కి ఏ వైన్? వదినా మరిదుల వాదన

(ఆదివారం భోజనంలోకి గోంగూర మటన్. మరిది కాబెర్నే సావిన్యాన్ అనే రెడ్ వైన్ అంటున్నాడు, వదిన రీస్లింగ్ అనే వైట్ వైన్ అంటోంది.)

మరిది: మటన్ అంటే రెడ్ వైనే వదినా. ఫ్రాన్స్‌లో పోయాక్ అనే ఊరి వాళ్లు గొర్రెపిల్ల మాంసంతో కాబెర్నేనే తాగుతారు. మాంసంలోని కొవ్వూ ప్రొటీనూ వైన్‌లో వగరుని పట్టేసుకుంటాయి, పండు రుచి పైకి వస్తుంది. మీరేమో జర్మనీ వైట్ వైన్ పోస్తానంటారు!

వదిన: వాళ్ల మాంసంలో మన కారం ఉంటుందా? ముక్క ఏదని మాత్రమే చూస్తున్నావు, నోటికి ముందు తగిలేది కారం, ఆ తర్వాత గోంగూర పులుపు. మిర్చి మంటని పసిగట్టే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది, అందుకే 14 శాతం ఉన్న కాబెర్నే పోస్తే నోరు ఇంకా మండిపోతుంది, దానికి తోడు వగరుతో నాలుక ఎండుతుంది. అదే జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్‌లో కాబినెట్ అనే తేలికపాటి రకం తీసుకో, ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే ఉంటుంది, కొంచెం తీపి కూడా ఉంటుంది, మంట దిగుతుంది.

మరిది: మటన్ అన్నంలో తీపి వైనా? నాకు అస్సలు దిగదు.

వదిన: ఉత్త తీపే అయితే నాకూ దిగదు. మోజెల్ చలి ప్రాంతం, ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది, పులుపు పోదు, అందుకే గుటక వేశాక తీపి నోట్లో నిలవదు. గోంగూర దగ్గర అసలు సంగతే అది, కూర కన్నా వైన్ పులుపు తక్కువైందంటే వైన్ చప్పగా పడిపోతుంది. ఇటలీలో టమాటా సాస్‌కి సాంజొవేజె పోసేది అందుకే. అది రెడ్డే, కానీ పులుపున్న రెడ్.

మరిది: అంటే రెడ్ పనికొస్తుందనేగా!

వదిన: రెడ్ వద్దని ఎప్పుడన్నాను? గోంగూరకి కాబెర్నే వద్దన్నాను.

మరిది: అయితే మిరియాల మటన్ వేపుడుకి చెప్పండి. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో మిరియం వాసన వస్తుందే, అది మన భ్రమేం కాదు, రొటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది, మిరియాల్లో ఉండేదీ అదేనని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. పులుపు లేదు, ఎండుమిర్చి తక్కువ, కొవ్వు ముక్క అంచులు ఎర్రగా వేగి దంచిన మిరియం అంటుకుని ఉంటే, దాని పక్కన మీ రీస్లింగ్ నిలబడుతుందా?

వదిన: నిలబడదు. అక్కడ షిరాజే, కాస్త చల్లబరిచి పోస్తాను. అదే షిరాజ్ చేపల పులుసు పక్కన పెట్టకు. రెడ్ వైన్‌లో ఇనుము ఎక్కువైతే చేపతో కలిసి నోట్లో నీచు వాసన మిగులుస్తుంది, ఇది జపాన్‌లో పరీక్షించి చూశారు. పులుసుకి నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చాలు, కాస్త తీపి ఉన్నది చూసి కొను.

మరిది: చేప మీ ఇష్టం. గోంగూరకి కూడా మీరన్నదే తెస్తాను, కానీ ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయకండి, మరీ చల్లగా ఉంటే మటన్ కొవ్వు నోట్లో పేరుకున్నట్టుంటుంది.

వదిన: ముందే బయట పెడతాలే, 10 డిగ్రీలు చాలు దానికి.

మరిది: బిర్యానీకి మాత్రం నేను ఒప్పుకోను.

వదిన: ఎవరి బిర్యానీ? కారం ఎంత వేస్తారో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.