వండుకోవడానికి టైమెక్కడిది?

ఆరోగ్యంగా తినాలని తెలియనివాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదని, పండ్లూ కూరగాయలూ కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది, మనమూ వింటూనే ఉన్నాం. అన్నీ విని, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతాం. కింది అరలో నాలుగు రోజుల కిందట కొన్న ఆకుకూర వాడిపోయి కవరుకు అంటుకుపోయి ఉంటుంది. దాన్ని ఏరి, కడిగి, తరిగి వండేసరికి పదిన్నర. ఫోన్ తీసి ఆర్డర్ పెడితే అరగంట. ఆర్డరే పెడతాం. తెల్లారాక మాత్రం 'నాకు కంట్రోల్ లేదు' అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

ఈ తిట్టుకోవడమే నాకు నచ్చదు. ఆ తిండిని ఎంచుకున్నది మన బలహీనత అని ఎవరన్నారు? పన్నెండు గంటలు బయట తిరిగొచ్చిన ఒళ్లు, చేతిలో మిగిలిన గంటన్నర టైము కలిసి ఎంచుకున్నాయి.

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం గురించి 2019లో చదివినప్పటి నుంచి నాకీ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. ఇరవై మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టారు. వాళ్ల ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటికీ ఇంచుమించు సమానం. ఎంత తింటారో వాళ్లిష్టం. ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో మనిషి రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నాడు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగాడు. రెండో రకం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గాడు. రుచి విషయంలో రెండింటికీ వాళ్లిచ్చిన మార్కుల్లో పెద్ద తేడా లేదు. తేడా కనిపించింది వేగంలో. మెత్తగా, నమలాల్సిన పని లేకుండా ఉండే తిండి గబగబా లోపలికి పోతుంది, కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ప్లేటు ఖాళీ. గమనించండి, వాళ్లకు ఆఫీసు లేదు, ట్రాఫిక్ లేదు, డెడ్‌లైన్ టెన్షన్ లేదు. అయినా 500 కేలరీలు. మరి ఒక చేత్తో మౌస్ పట్టుకుని, స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా ఏడు నిమిషాల్లో లంచ్ ముగించేవాళ్ల సంగతేమిటి?

దీనికి నిద్ర కూడా తోడవుతుంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం ఎక్కువగా, ఇక చాలు అని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తక్కువగా కనిపించాయి. మరీ చిన్న పరిశోధనే, ఒప్పుకుంటాను. కానీ సరిగ్గా నిద్రపోని మర్నాడు చెయ్యి దేనివైపు పోతుందో మీకు వేరే చెప్పాలా?

'మనసుంటే మార్గముంటుంది, సెలవు రోజున రెండు గంటలు కూర్చుని వారానికి సరిపడా వండి పెట్టుకోవచ్చు కదా' అంటారు కొందరు. చేయగలిగినవాళ్లు తప్పకుండా చేయండి, మంచి అలవాటే. కాకపోతే ఆ సలహాకు అర్థం ఏమిటంటే, పని తినేసిన టైమును మన సెలవులోంచి తీసి కట్టమని.

ఆ రెండు గంటలు ఎవరివి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 'ఇంటి వంటే తినండి' అని రాసే ప్రతి వ్యాసం వెనకా పేరు రాయని ఒక ఆడమనిషి ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంది. గొప్ప విజయమే. అయితే ఆ రోజుల్లో పనికి వెళ్లిన మగాడు ఇంటికొచ్చేసరికి వండి వడ్డించే మనిషి ఇంట్లో ఉందన్నది ఎవరూ పైకి అనని లెక్క. ఇప్పుడు ఇద్దరూ పనికి వెళ్తున్నారు, పైగా రాత్రి పదింటికి కూడా ఫోన్‌లో ఆఫీసు మోగుతూనే ఉంది, లెక్క మాత్రం అదే. వంట అనే పని కాగితం మీద ఎక్కడా లేదు కాబట్టి దానికి టైము కూడా లేదు. ఆ లోటును చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆమే తన నిద్రలోంచి పూడుస్తోంది.

అందుకే ఉద్యోగులకు పోషకాహారం మీద క్లాసులు పెట్టించే కంపెనీలంటే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా మీటింగులు పెట్టొద్దు. సాయంత్రం చెప్పిన టైముకు వదిలేయండి, ఆ తర్వాత మెసేజ్ పంపకండి. ఇంట్లో ఉన్న మగవాళ్లు కత్తిపీటో చాకో అందుకోండి. ఉప్పెంత, చక్కెరెంత అన్న క్లాసు ఆ తర్వాత పెట్టుకుందాం.