మా అమ్మ కిటికీ జోలికి రావద్దు

ఇప్పుడే మా కొత్త ఇల్లు కట్టే సైటు మీదికెళ్ళి వచ్చిన. చేతులు ఇంకా వణుకుతున్నయ్. పొద్దుగాల బడికి పోయేటప్పుడు చూస్తే వంటింటి గోడల నాలుగడుగుల కిటికీ జాగ ఖాళీగ ఉండె. సాయంత్రం పోతే అండ్ల నాలుగు వరుసల ఇటుక లేచి ఉన్నది. మాలు ఇంకా పచ్చిగనే ఉన్నది. ఇదేంది మేస్త్రీ అంటే, "మీ చిన్నబాపు వచ్చి చెప్పిండు టీచరమ్మా. కిటికీ, గ్రిల్లు, అద్దాలు అంత దండుగ, పూడ్చెయ్, పన్నెండు వేలు మిగుల్తయ్ అన్నడు" అంటడు. ప్లాను కాగితం ఆయన పక్కన్నే ఉన్నది, ఎగిరిపోకుంట మీద ఇటుక పెట్టి.

నాకొక ఫోన్ చెయ్యలే. లోను నా పేరు మీద ఉన్నది. నెలనెలా కోతవడేది నా జీతంల. చిన్నబాపుకు ఫోన్ చేస్తే ఏమన్నడో తెల్సా? "కాగితాలకు అరవై వేలు పోసినవ్ కదా బిడ్డా, గవి ఎక్కడనన్న మిగిలియ్యాలె కదా" అన్నడు.

ప్లాను గీసిన ఆర్కిటెక్ట్‌కు ఇచ్చిన ఆ అరవై వేల ముచ్చట ఆరు నెలల సంది ఇంటున్న. ఏ పెండ్లికి పోయినా అదే. ఆర్కిటెక్ట్ ఎందుకు, మేస్త్రికి తెల్వదా, ముప్పై ఏండ్ల సంది కడ్తుండు అని. మేస్త్రి పనితనం గొప్పదే, ఆయన గోడకు గుండు ఏసి చూస్తే ఎంట్రుక మందం తేడా రాదు. కని మా ప్లాటుది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుల్తది, వానకాలం ఉబ్బుతది. మేస్త్రి నాలుగడుగుల గుంత చాలన్నడు. ఆర్కిటెక్ట్ పంపిన స్ట్రక్చరల్ ఇంజనీరు ముందుగాల ఒక్క గుంత తవ్విచ్చి చూసిండు, ఏడడుగుల దాకా పోతే గని మొరం తగల్లే. అక్కడ్నుంచి లేపినం పిల్లర్లు. మనోళ్ళందరు రామప్పకు పోయి ఫోటోలు దిగొస్తరు. 1213ల కట్టిన గుడి, పునాదిల ఇసుక పోసి, నేలను చూసి కట్టిండ్రు. కట్టిచ్చినోళ్ళ పేరు పక్కకువెట్టి శిల్పి పేరుతోటే పిలుస్తం ఆ గుడిని. అదే మనింటికొచ్చేసరికి గీసినోళ్ళకు ఇచ్చిన పైసలు కండ్లల్ల పడ్తయ్.

మా ఆర్కిటెక్ట్ మేడం మొదటి రోజు పెన్సిలే పట్టలే. ఇంట్ల ఎంతమంది, అమ్మ మెట్లు ఎక్కగల్గుతదా, 2020 ఆగస్టు వానలకు నీళ్ళు మీ గల్లీల ఎందాక వచ్చినయ్, 2023 జులైల ఎందాక వచ్చినయ్ అని అడిగింది. ఆ నీళ్ళ గీత చూసే బేస్‌మెంటు ఎత్తు పెట్టింది. తర్వాత సూటిగ, చేతుల పైసలెన్ని, లోను ఎంత, చేబదులు ఎంత తేగల్గుతరు అని అడిగింది. సొంతోళ్ళు గుడ ఎన్నడు అడగలే నన్ను ఆ మాట.

సొంతోళ్ళు చెప్పేది ఒక్కటే లెక్క. అడుగుకు పదిహేను వందలల్ల అయిపోతది. 1,800 అడుగులు, 27 లక్షలు, అయిపాయె. బోరు ఏది? సంపు ఏది? సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, గేటు, కరెంటు మీటరు, అల్మారల చెక్కపని, ఇయన్ని ఏ అడుగు లెక్కల ఉన్నయ్? మేడం అన్నీ వరుసగ రాసి, అనుకోని ఖర్చుకని వందకు పది రూపాయలు కలిపితే 36 లక్షలు తేలింది. ఆ కాగితం చూసినరోజు రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి పోయి పైన ఒక రూము తీసేయించిన. కాగితం మీద రూము తీసేస్తే పైస ఖర్చు లేదు. స్లాబు పోసినంక తీస్తరా ఎవలన్న? మా కాలనీల ఒక్కసారి తిరిగి చూడున్రి, స్లాబు దాకా వచ్చి ఆగిపోయిన ఇండ్లు ఎన్ని ఉన్నయో. సలాకలు తుప్పువట్టి, గోడల మీద రావిచెట్లు మొలిచి. వాళ్ళందరికి ఎవరో ఒక చిన్నబాపు అడుగుకు పదిహేను వందలని చెప్పినోడే. ఇంత లెక్క చెప్పి, పునాది కాడ నిలబడి చూసినామెకు నేనిచ్చింది వందకు రెండు రూపాయలు గుడ కాదు.

ఐదు వేలకు ప్లాను గీసిస్తరు కదా అని ఇంకో మాట. అవును, జిరాక్స్ సెంటర్ల పక్కన్నే బోర్డులు, ఆర్కిటెక్ట్ అని రాసి. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్‌ల రిజిస్టర్ అయినోళ్ళు తప్ప ఇంకెవ్వరు ఆ పేరు పెట్టుకోవద్దు. గజాలు ఒక్కటైతే చాలు, తూర్పు మొఖం ప్లానునే తిప్పి పడమరకు అమ్ముతరు. మా అసోంటి చిన్న ప్లాటుల ఇల్లైతే మనం సంతకం పెట్టి ఇచ్చిన మాట మీదనే పర్మిషన్ వస్తది. ఆ సంతకం నాది, చిన్నబాపుది కాదు.

అసలు నా కడుపుమంట ఇయ్యాల్టిది కాదు. 1998ల వరంగల్ రంగశాయిపేటల మా పాత ఇల్లు కట్టినప్పుడు గుడ మేస్త్రి పక్కన నిలవడి చెప్పింది ఈయననే. అప్పుడు గుడ వంటింటి కిటికీనే దండుగైంది. అవే పైసలతోటి ముందర ఆర్చి లేపి, దాని మీద రెండు సింహాలు కూసోబెట్టిండ్రు. గల్లీలోళ్ళందరు మెచ్చుకున్నరు. లోపల మా అమ్మ అప్పటిసంది పట్టపగలు బల్బు ఏసుకొని వండింది. కరెంటు పోతే దర్వాజ బార్ల తీసి, ఆ ఎలుగుల బియ్యంల రాళ్ళు ఏరింది. పోపు ఏస్తే పొగ ఎటువోవాలె? ఆమె కండ్లల్లకే. గ్యాస్ పెట్టే బండ ఆమె ఎత్తుకు అందదు, అందుకని పీట ఏసుకొని నిలవడ్తది. రెండుసార్లు జారి పడ్డది గుడ. చిన్నబాపు పండుగ పండుగకు వచ్చి ఆ వంటింట్ల కెళ్ళి వచ్చిన అన్నమే తిన్నడు.

మేడం ఆఫీసుల అమ్మను లేచి నిలవడమన్నది. మోచెయ్యి వంచమని, కింది నుంచి టేపు పట్టి కొలిచింది. "గ్యాస్ బండ ఎత్తు ముప్పై మూడంగుళాలు వద్దమ్మా, మీకు ముప్పై చాలు" అని రాసుకున్నది. పొయ్యి పక్కన తూర్పు దిక్కు నాలుగడుగుల కిటికీ గీసింది. ఆటోల తిరిగొస్తుంటె అమ్మ హంటర్ రోడ్డు దాకా మాట్లాడలే. తర్వాత, "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వలు అడగలే బిడ్డా" అన్నది.

చిన్నబాపు ఇయ్యాల పూడ్చమన్నది ఆ కిటికీనే.

మాలు గట్టిపడకముందే నాలుగు వరుసలు తీయించిన. ఇద్దరు మనుషులకు సగం రోజు కూలి నేనే ఇచ్చిన, ఇటుకలు కడిగి పక్కకు పేర్చినం. రేపు ఆదివారం. అమ్మను తీస్కపోయి ఆ కిటికీ ముంగట కుర్చీ ఏసి కూసోబెడ్త. చిన్నబాపుకు ఫోన్ చేసి రమ్మన్న గుడ. మూయాల్నంటే ఆమె మొఖం చూసి చెప్పమన్న.