స్పైడర్‌మ్యాన్ మూడో భాగం గారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ స్పైడర్‌మ్యాన్ మూడో భాగం గారి సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి తమ పాత అభిమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమరు మాత్రం క్షేమంగా లేరని మొన్న ఆదివారం సాయంత్రం భువనేశ్వర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసినవాణ్ణి తమరు ఎరుగుదురు. 2007 ఎండాకాలంలో నా పక్క సీట్లో కూర్చుని, నిమిషానికోసారి మోచేత్తో పొడిచి "కొణ కొహుచి?" (ఏమంటున్నాడు?) అని ఒడియాలో అడిగిన కుర్రాడు. ఇప్పుడు వాడికి బట్టతల, ఇంటి లోను, ఏడేళ్ల కొడుకు. ఆ కొడుకుని టీవీ ముందు కూర్చోబెట్టి, "మా కాలంలో సినిమా అంటే ఇదిరా" అని తమరిని పెట్టాడట. 139 నిమిషాలు. పిల్లాడు రెండుసార్లు లేచి ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చాడు. మూడోసారి వెళ్లి మరి రాలేదు. "సెలవు పూట మధ్యాహ్నం పోయింది, కొడుకు దగ్గర పరువు పోయింది. నువ్వు నాకు చెప్పిన సినిమా ఇది కాదు భాయి" అన్నాడు.

ఆ చివరి మాట సంగతి తర్వాత.

తమరిని వెనకేసుకు రావడం నాకు కొత్తేమీ కాదు. టీ బడ్డీ దగ్గర, పెళ్లి భోజనాల్లో, ఆఖరికి మా బావమరిది గృహప్రవేశంలో కూడా తమ తరఫున వాదించాను. ఆ వీధి డాన్సేంటి, ఆ నుదుటి మీద జుట్టేంటి అంటారు. నల్ల సూటు ఒంటి మీదికొచ్చిన మనిషండీ! మా వైపు పూనకం చూసినవాడెవడూ స్టెప్పు కుదర్లేదని అనడు. హీరో ప్రాణస్నేహితుడు హ్యారీ తలకి దెబ్బ తగిలి గతం మర్చిపోయాడని నవ్వుతారు. మన తెలుగువాళ్లు నవ్వాల్సిన విషయమా అది? భూగోళమంతా వదిలేసి ఉల్క సరిగ్గా హీరో మోపెడ్ పక్కనే పడిందంటారు. మరి మా గజపతి జిల్లాలో పడితే కథెలా నడుస్తుంది? విలన్ వెనమ్ ఆఖర్న వచ్చి అంతలోనే పోయాడంటారు. దర్శకుడు శామ్ రైమీకి వాడి మీద పెద్ద మనసు లేదు, నిర్మాత ఆవి అరాడ్ పట్టుబడితే పెట్టుకున్నాడు. పెదనాన్న మాట కాదనలేక పిలిచిన చుట్టానికి ఆఖరి బంతిలో కాక ఎక్కడ విస్తరేస్తారు?

ఆ రైమీయే తర్వాత రోజుల్లో ఈ సినిమా సరిగ్గా కుదరలేదని ఒప్పుకున్నాడు. ఆయన తీసిన మూడింట్లోకీ ఎక్కువ వసూలు చేసింది తమరే, దగ్గరదగ్గర 89 కోట్ల డాలర్లు. సంపాదించి పెట్టే కొడుకునే తిట్టడం మా ఇళ్లల్లోనూ ఉందిలెండి.

ఇసుక మనిషి పుట్టే ఘట్టాన్ని ఎవరైనా ఏమైనా అంటే మాత్రం నేను ఊరుకోను. ఒక్క మాట లేదు. రేణువులు కదిలి, కుప్పయి, మనిషి కాబోయి కూలిపోతాయి. కూతురి ఫొటో ఉన్న లాకెట్ అందుకోబోతే చెయ్యే రాలిపోతుంది. ఆ కాసేపూ పక్కనవాడు నన్ను పొడవలేదు. (మా మహేంద్రతనయలో ఇసుక కూడా రాత్రిపూట లేచి నడుస్తుంది, కాకపోతే ట్రాక్టరెక్కి.)

వాడు సెలవులకి కటకం నుంచి మా పక్కింటికి వచ్చినవాడు. తెలుగు ముక్క రాదు. ఆ ఏడాది తమరు మన దేశంలో హిందీ, తమిళం, తెలుగు, ఆఖరికి భోజ్‌పురి కూడా మాట్లాడారు. ఒడియా మాత్రం నోట రాలేదు. సినిమా పెట్టె మా వైపుకి వచ్చేసరికి రోహిణి కార్తె. ఊళ్లో చిన్న రైలు 2004లోనే ఆగిపోయింది, పెద్ద రైలు ఇంకా రాలేదు. వాణ్ణి సైకిల్ వెనక ఎక్కించుకుని, ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రాలో పాతపట్నం దాకా తొక్కాను. రాష్ట్రం మారింది గానీ ఎండ మారలేదు. హాల్లో రెండుంపావు గంటలు వాడి చెవిలో మొత్తం సినిమాని ఒడియాలో పోశాను. ఇంటర్వెల్లో గోలీసోడా వాడే ఇప్పించాడు, నా గొంతు ఆరిపోయిందని.

ఇంతకీ తమరిని ఒక్క సంగతి అడగాలి. హ్యారీ వాళ్ల ఆస్బోర్న్ గారింట్లో ఆ బట్లర్ (ఇంటి నౌకరు) బెర్నార్డ్ ఉన్నాడే, అతను చేసింది మంచి పనేనా? పెద్దాయన, అంటే హ్యారీ తండ్రి, పోయిన రాత్రి గాయం కడిగింది తనే. దిగింది ఆయన ఎక్కి ఎగిరే సొంత గ్లైడర్ కత్తేనని, హీరో చంపలేదని అప్పుడే తెలుసు. తెలిసి ఏం చేశాడు? గుడ్డ పిండి ఆరేసుకున్నాడు! హీరోయే చంపాడనుకుని, అద్దంలో తండ్రి కనబడి పగ తీర్చుకోమంటుంటే కుర్రాడికి పిచ్చెక్కుతోంది, ఈయన ఉలకడు. ప్రాణస్నేహితుణ్ణి చంపడానికి బయల్దేరాడు, పలకడు. మొదటి భాగం 2002, రెండోది 2004, నువ్వు 2007. ఐదేళ్లయ్యా! ఆ కుర్రాడి మొహం ఒకపక్క కాలిపోయాక తీరిగ్గా వచ్చి, "బాబుగారూ, ఆ రాత్రి..." అంటాడా? నీ మీద 25 కోట్ల డాలర్ల పైన పోశారే, అందులో ఒక్క డాలరు వీడి నోరు తెరిపించడానికి మిగల్లేదా? రెండో భాగంలో ఏదో ఒక పొద్దున టిఫిన్ దగ్గర చెప్పేసి ఉంటే ఎంతమంది బతికేవాళ్లు! మా బస్టాండులోనూ ఉంటాడు ఇలాంటివాడు. బస్సు రాదని తెలిసీ మన పక్కనే గంటన్నర కూర్చుంటాడు. మనం ఆటో మాట్లాడుకునేటప్పుడు, "ఈవేళ ఆ బస్సు లేదండి" అంటాడు. నీ హీరో బెన్ బాబాయిని చంపినవాణ్ణి క్షమించాడు. నాకంత మనసు లేదు. ఆ ముసలాణ్ణి నేను క్షమించను.

అప్పుడు హాల్లో సరిగ్గా ఈ ముక్క దగ్గరే మోచెయ్యి తగిలింది. "కొణ కొహుచి?"

పదిహేనేళ్లవాణ్ణి, ఏం చెప్పను? ఉన్నదున్నట్టు చెబితే వాడు నవ్వుతాడు. నవ్వాడంటే అప్పటిదాకా నేను పోసిందంతా నీళ్లపాలు. అందుకని బేతాళుడు విక్రమార్కుడికి పెట్టే శాపాన్ని తిరగేశాను. పెద్దాయన చనిపోతూ ముసలాయన చేత ఒట్టు వేయించుకున్నాడని, కొడుకు స్నేహితుడి కోసం కుమిలే రోజు రాకముందే నోరు విప్పితే తల వేయి ముక్కలవుతుందని, ఈ రోజు కోసమే ఆయన ఇన్నేళ్లూ కాచుకుని ఉన్నాడని చెప్పాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒడియాలో చెబుతుంటే నాకూ తిరిగాయి.

ఆ ఒట్టు కథ చెప్పే మొన్న కొడుకుని కూర్చోబెట్టాడట. "ఒట్టు ఎక్కడుంది భాయి? ఇంగ్లీషులో చూశాను, వెనక్కి తిప్పి హిందీలో చూశాను. ఎక్కడా లేదు."

ఎప్పుడో చెప్పాల్సింది. వాడి పెళ్లిలో చెప్పొచ్చు, కటకంలో. అక్కడ నలుగురు స్నేహితుల మధ్య నిలబడి వాడు ఆ ఒట్టు సీనే వర్ణిస్తున్నాడు. నేను పక్కన రసగుల్లా తింటూ తలూపాను.

"కోసేశారా?" అన్నాడు ఫోన్లో.

"కోసేసుంటార్రా" అన్నాను.

కాబట్టి తమరికి ఇదే విన్నపం. కోసి పారేసిన రీళ్లలో ఆ ముసలాయన ఒట్టు వేస్తున్న ముక్క ఏదైనా దొరికితే, దయచేసి భువనేశ్వర్‌కి పంపించగలరు. పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు
తమ విధేయుడు