సవరణ: ఆ హెచ్చరిక ఎస్సెమ్మెస్ కాదు

స్మార్ట్ సిటీల్లో విపత్తు హెచ్చరికల గురించిన ముందు పోస్టులో "ప్రమాద ప్రాంతంలోని అందరికీ ఎస్సెమ్మెస్ వెళ్తుంది" అని ఉంది. దాన్ని "సెల్ బ్రాడ్‌కాస్ట్" అని చదువుకోండి. రెండూ ఫోన్ తెరమీదే కనిపిస్తాయి కానీ దారులు వేరు. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకీ విడిగా వెళ్లాలి. అందరూ టెన్షన్‌తో ఒకేసారి ఫోన్లు చేస్తుంటే అది ఆలస్యమవుతుంది, ఒక్కోసారి వరద వచ్చి పోయాక చేరుతుంది! సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ రేడియోలా ఒకేసారి ప్రసారం చేస్తుంది. పరిధిలో ఉండి ఆ సదుపాయం ఉన్న ఫోన్లన్నీ అందుకుంటాయి. నంబర్లు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మన లొకేషన్‌ను ఎవరూ కనిపెట్టాల్సిన పనీ లేదు.

టవర్‌కి కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే మాత్రం ఇదీ పనిచేయదు. అందుకే సైరన్లను పాతకాలపువని తీసిపారేసిన వాక్యాన్ని పోస్టులోంచి తొలగించాను.