తొక్కలో మాట కాదు

'తొక్కలో' అన్న మాటను ఇకమీదట ఎవరూ చులకనగా వాడరాదని ప్రభుత్వం తక్షణం జీవో ఇవ్వాలి. ఇందుకు కారణం చీనీకాయ, అదే బత్తాయి.

2000లో అమెరికాలోని అరిజోనాలో పరిశోధకులు కొందరు పెద్దవాళ్లను నిమ్మజాతి పండ్లు ఎట్లా తింటారో అడిగారు. తొక్క కూడా తినేవాళ్లలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ తక్కువగా కనబడింది. ఉత్త రసం తాగితే ఆ తేడా లేదు. ఘనత డి-లిమొనీన్‌ది కావచ్చన్నారు. నారింజ తొక్క నూనెలో నూటికి తొంభై పాళ్లు అదే. చిన్నప్పుడు తొక్క విరిచి దీపం మీదికి చిమ్మితే చిటపటలాడిందీ, పక్క బెంచీవాడి కంట్లో కొడితే మండిందీ దాని మహిమే. అయ్యవారు వీపు విమానం మోత మోగించకుంటే ఆ పరిశోధన అనంతపురంలోనే జరిగిపోయేది.

అయినా అరిజోనా అంటే ఏముంది? ఎండ, ముళ్లచెట్లు, వానకోసం ఎదురుచూపు. మన ఊరే, చార్జీలే ఎక్కువ.

మా వీధి మామ ఈ సంగతి ఫోన్లో చూసి, ఇంట్లో చీనీ లేదని నిమ్మకాయ కోసి, తొక్కతో చేతులు బాగా రుద్దుకుని మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కూర్చున్నాడు. రెండో నాటికి బొబ్బలు, ఆ తర్వాత కాఫీరంగు చారలు. నిమ్మతొక్కలో ఫ్యూరోకుమరిన్లని ఉంటాయి, చర్మానికి అంటుకున్నాక ఎండ తగిలితే కాలుస్తాయి.

"తినమంటే పూసుకుంటివేం మామా?"

"కడుపులోకి పోయి మళ్లా చర్మానికి రావాలంటే ఎంత లేటప్పా!"

2015లో అదే అమెరికాలో లక్షమందికి పైగా మనుషుల వివరాలు చూసి, నిమ్మజాతి పండ్లు ఎక్కువ తినేవాళ్లలో మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ కొంచెం ఎక్కువుందన్నారు. రెండూ పోలికలే, ఏదీ రుజువు కాదు. ఈ రెండోది మాత్రం మామకు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నిజానికి తొక్క విలువ అరిజోనాకంటే ముందు కనిపెట్టింది మన చీనీ మార్కెట్. లోపల రసం ఎంత తీపిగా ఉన్నా, తొక్క మీద మంగు మచ్చలు కనబడితే వ్యాపారి ధర కోస్తాడు. మంగు రాకూడదని రైతు మందు కొడతాడు. ఆ మందు పడేది తొక్క మీదే. దాన్ని మనం ఆరోగ్యం కోసం నమలాలి. ఇక పొద్దంతా నడినెత్తిన ఎండలో లారీలకు కాయలెత్తే హమాలీకి తలకు తువ్వాలే దిక్కు. క్యాన్సర్ రాకుండా తొక్క తినాలని మాట్లాడుకునేది ఫ్యాను కింద కూర్చున్న మనమే.

అయినా శాస్త్రం మీద గౌరవం కొద్దీ నిన్న టవర్‌క్లాక్ దగ్గర జ్యూస్ బండి ముందు నిలబడ్డాను. పిల్లోడు కత్తితో చీనీ చెక్కుతుంటే తొక్క పొడుగ్గా, రిబ్బన్‌లా బకెట్లో పడుతోంది.

"రసం వద్దులే నాయనా, ఆ తొక్కలు కట్టివ్వు."

వాడు కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎన్ని ఆవులుండాయి సార్ మీకు?"